ఒక్క ప్రతిధ్వనిలో మెదడు బొమ్మ

ఎమ్మారై యంత్రంలో పడుకున్నవారి చెవులను హోరెత్తించే ఆ టకటక శబ్దం, తీగచుట్టల్లో కరెంటు క్షణక్షణానికీ మారడం వల్ల పుడుతుంది. పనిలో ఉన్న మెదడును చూడగలమా లేదా అన్నది ఆ మార్పు ఎంత చురుగ్గా జరుగుతుందన్న దానిమీదే ఆధారపడింది.

తొలినాళ్లలో రేడియో తరంగంతో తట్టిన ప్రతిసారీ బొమ్మకు ఒక్క వరుసే దక్కేది. వరుసలన్నీ పోగయ్యేసరికి నిమిషాలు గడిచేవి. 1977లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో పీటర్ మాన్స్‌ఫీల్డ్ ఒక్క తట్టుతోనే అన్ని వరుసలూ రాబట్టే దారి చూపారు. తలలోంచి వచ్చే సంకేతం చల్లారేలోపే, తీగచుట్టల కరెంటును మారుస్తూ అయస్కాంత క్షేత్రపు వాలును అటూ ఇటూ తిప్పేయాలి. అదే ఎకో ప్లానార్ ఇమేజింగ్. 15 ఏళ్లకే బడి మానేసి పనిలో చేరిన మాన్స్‌ఫీల్డ్, 2003లో పాల్ లాటర్‌బర్‌తో కలిసి నోబెల్ అందుకున్నారు. ఆయన ఆలోచనను మోయగల విద్యుత్ పరికరాలు రావడానికి మాత్రం ఏళ్లు పట్టింది.

ఈలోగా 1990లో, అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో సెయిజీ ఒగావా ఎలుకల మెదళ్లను పరీక్షిస్తూ, రక్తంలో ఆక్సిజన్ వదిలేసిన హిమోగ్లోబిన్ చుట్టుపక్కల సంకేతాన్ని తగ్గిస్తుందని చూపారు. మెదడులో పని జరిగే చోటికి ఆక్సిజన్ నిండిన రక్తం ఎక్కువగా చేరుతుంది కాబట్టి అక్కడ సంకేతం పెరుగుతుంది. ఆ జాడ పట్టడానికి ఇక సూదిమందు ఎక్కించే పనిలేదు, రక్తమే జాడ చెబుతుంది. 1992లో బోస్టన్, మిన్నెసోటా, మిల్వాకీ బృందాలు మనిషి మెదడు పనిచేస్తుండగా తీసిన చిత్రాలను ప్రచురించాయి.

ఆ తర్వాత అడ్డుపడింది మన శరీరమే. వాలు మరీ త్వరగా మారితే నరాల్లో కరెంటు పుట్టి కండరాలు అదురుతాయి. అందుకే పరిశోధకులు వేరే దారి వెతికారు. పెళ్లిపందిట్లో పదిమంది ఒక్కసారే మాట్లాడినా ఏ మాట ఎటునుంచి వచ్చిందో రెండు చెవులతో పోల్చుకుంటామే, అలా తల చుట్టూ అనేక గ్రాహక చుట్టలు పెట్టి, మెదడులోని పలు అడ్డుకోత పొరల నుంచి ఒకేసారి పట్టుకున్న సంకేతాలను లెక్కలతో విడదీశారు. అమెరికాలో జరిగిన హ్యూమన్ కనెక్టోమ్ ప్రాజెక్టు ఎనిమిదేసి పొరలను కలిపి తీసి, 2 మిల్లీమీటర్ల సూక్ష్మతతో మొత్తం మెదడును 0.72 సెకన్లలో పట్టింది. ఎక్కువ పొరలకు ఆశపడితే ఒకదాని సంకేతం మరొకదానిలోకి చొరబడుతుంది, బొమ్మలో రొదా పెరుగుతుంది.

నాడీకణం స్పందించేది మిల్లీసెకన్లలో. రక్తప్రవాహపు ఉధృతి తారస్థాయికి చేరేది ఐదారు సెకన్లకు. మరి తొందరెందుకు? గుండె కొట్టుకోవడం, ఊపిరి తీయడం కూడా సంకేతాన్ని కదిలిస్తాయి. నెమ్మదిగా తీస్తే అవి మెదడు స్పందనలో కలిసిపోతాయి, త్వరగా తీస్తే విడిగా గుర్తించి తీసేయవచ్చు. నా దృష్టిలో వేగం తెచ్చిన అసలు లాభం ఇదే.

2023లో బర్క్‌లీ బృందం తలకు మాత్రమే సరిపడే వాలుచుట్టతో 7 టెస్లా అయస్కాంత బలం గల యంత్రాన్ని వెల్లడించింది. చుట్ట చిన్నది కాబట్టి నరాలను అంతగా కదిలించకుండానే వాలు వేగంగా మారుతుంది. అర మిల్లీమీటరు కన్నా చిన్న వివరాలు అందుతాయి. మెదడు పైపొర మందం రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లే. అందులోని ఏ ఉపపొరకు కబురు చేరుతోందో, ఏ ఉపపొర నుంచి బయటికి వెళుతోందో ఇప్పుడు విడివిడిగా అడగవచ్చు.