ఆ దరువు ఎవరిది?

అమెరికన్ రాక్ బృందం ఏరోస్మిత్ 1975లో ‘టాయ్స్ ఇన్ ది యాటిక్’ అనే ఆల్బమ్ తెచ్చింది. అందులో నాలుగో పాట ‘వాక్ దిస్ వే’. గిటార్ అందుకునే ముందు కొన్ని సెకన్ల పాటు డ్రమ్మర్ జోయీ క్రేమర్ ఒక్కడే వాయిస్తాడు. న్యూయార్క్ పేటల్లోని డీజేలకు ఆ పాటలో కావలసింది ఆ కొన్ని సెకన్లే. పాడింది ఎవరో, ఏం పాడాడో వాళ్లలో చాలామంది పట్టించుకోలేదు. ఆ ఆల్బమ్‌లో నాలుగోది పెట్టు అంటే చాలు, ఏం కావాలో తెలిసిపోయేది. గాయకుడు గొంతెత్తేలోపే రికార్డు వెనక్కి తిరిగేది.

హిప్‌హాప్ మీద రాక్ ప్రభావం అనగానే గిటార్లు, తోలు జాకెట్లు, కచేరీల హోరు గుర్తుకొస్తాయి. అవీ ఉన్నాయి. గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ బృందం తొలి రోజుల్లో రాక్ తారల్లాగే తోలు దుస్తులు, ఇనుప గుబ్బలు వేసుకుని వేదిక ఎక్కేది. కానీ అన్నిటికన్నా ముందు హిప్‌హాప్‌కు అందింది డ్రమ్మర్ల చేతివాటం. దాన్ని ఇచ్చినవాళ్లకు తాము ఇస్తున్నామన్న సంగతే తెలియదు.

అది ఎలా జరిగిందో కాస్త దగ్గరగా చూడాలి. 1973 ఆగస్టు 11న బ్రాంక్స్‌లోని 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అపార్ట్‌మెంట్లో ఒక పార్టీ జరిగింది. పాటలు వేసింది జమైకా నుంచి వచ్చిన కుర్రాడు డీజే కూల్ హెర్క్. పాటలో మిగతా వాయిద్యాలన్నీ ఆగి దరువు ఒక్కటే మిగిలే చోటును ‘బ్రేక్’ అంటారు. అది రాగానే జనం ఊగిపోతున్నారని హెర్క్ గమనించాడు. ఆ ముక్కనే సాగదీయడానికి అతను కనిపెట్టిన పద్ధతి ఒకే రికార్డు రెండు కాపీలు, రెండు టర్న్‌టేబుళ్లు. ఒకదాని మీద బ్రేక్ అయిపోయేసరికి రెండోదాని మీద అదే బ్రేక్ మొదలవ్వాలి. ఈలోగా మొదటిదాన్ని చేత్తో వెనక్కి తిప్పుకోవాలి. గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ దీన్ని ఇంకా కచ్చితం చేశాడు. బ్రేక్ ఎక్కడ మొదలవుతుందో రికార్డు మీదే క్రేయాన్‌తో గీత గీసుకునేవాడు. చీకటి హాల్లో ఆ గీత ఎన్ని చుట్లు తిరిగిందో చూసుకుంటూ దరువు ఎక్కడా తెగకుండా నడిపేవాడు.

ఆ డీజేలు ఏరుకున్న రికార్డుల్లో ఫంక్, సోల్‌తో పాటు రాక్ కూడా ధీమాగా ఉంది. హిప్‌హాప్ జాతీయగీతమని పేరుపడ్డ ‘అపాచీ’ని 1973లో విడుదల చేసింది ఇన్‌క్రెడిబుల్ బోంగో బ్యాండ్. అందులో డ్రమ్స్ వాయించిన జిమ్ గోర్డన్, ఎరిక్ క్లాప్టన్‌తో కలిసి ‘లేలా’ రికార్డు చేసిన డ్రమ్మరే. బిల్లీ స్క్వైయర్ 1980లో చేసిన ‘ది బిగ్ బీట్’ రాక్ శ్రోతల్లో పెద్దగా నిలవలేదు. దాని మొదట్లోని మొద్దు దరువు మాత్రం ర్యాప్ బృందం రన్ డీఎంసీ కాలం నుంచి ర్యాపర్ జే-జీ ‘99 ప్రాబ్లమ్స్’ దాకా వినిపిస్తూనే ఉంది.

వీటన్నిటిలోకీ బరువైన దరువు రాక్ బృందం లెడ్ జెప్లిన్ డ్రమ్మర్ జాన్ బోనమ్‌ది. లెడ్ జెప్లిన్ 1971లో విడుదల చేసిన ‘వెన్ ది లెవీ బ్రేక్స్’ కోసం ఇంగ్లండ్‌లో హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవంతిలో డ్రమ్స్‌ను మెట్ల కింది హాల్లో పెట్టారు. మైకుల్ని పైఅంతస్తు మెట్ల నుంచి వేలాడదీశారు. దెబ్బ కింద పడితే, గోడల్ని తాకి పైకి లేచిన మోత మైకులకు చేరింది. అందుకే వింటుంటే ఎవరో పెద్ద తలుపును గుద్దుతున్నట్టు ఉంటుంది.

జంషెడ్‌పూర్‌లో, ముఖ్యంగా టాటానగర్ స్టేషన్‌కు దగ్గర్లోని పర్సుడీహ్ లాంటి చోట్ల పెరిగిన తెలుగువాళ్లకు ఇక్కడొక సంగతి చెప్పుకోవాలి. బోనమ్ పుట్టింది ఇంగ్లండ్ ఇనుప పరిశ్రమల నడిబొడ్డైన బర్మింగ్‌హామ్‌కు దక్షిణాన, రెడిచ్‌లో. బ్లాక్ సబ్బాత్ గిటారిస్టు టోనీ అయోమీది బర్మింగ్‌హామే. పదిహేడేళ్ల వయసులో రేకుల ఫ్యాక్టరీ యంత్రంలో పడి అతని కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఎడమచేతివాటం మనిషి కాబట్టి తీగలు నొక్కాల్సింది ఆ చేత్తోనే. ప్లాస్టిక్ సీసాను కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకుని మళ్లీ గిటార్ పట్టాడు. ఆ తర్వాత తీగల బిగువు తగ్గించుకున్నాడు. హెవీ మెటల్‌లోని ఆ మందమైన శబ్దానికి అదీ ఒక కారణం. యంత్రాల మధ్య బతికే ఊళ్ల నుంచి ఇలాంటి సంగీతం పుట్టడం ఉక్కు నగరపు మనుషులకు వింతగా తోచదు.

1986లో బీస్టీ బాయ్స్ విడుదల చేసిన ‘లైసెన్స్‌డ్ టు ఇల్’ ఆల్బమ్‌లో మొదటి పాట బోనమ్ దరువుతోనే తెరుచుకుంటుంది. దాని మీద పరిచింది అయోమీ గిటార్. అంటే బర్మింగ్‌హామ్ పరిసరాల మనుషులు ఇద్దరూ న్యూయార్క్ ర్యాప్ రికార్డులో పక్కపక్కన కూర్చున్నారు. బిల్‌బోర్డ్ ఆల్బమ్ పట్టికలో మొదటి స్థానానికి ఎక్కిన తొలి ర్యాప్ ఆల్బమ్ అదే. అది వచ్చేనాటికి బోనమ్ చనిపోయి ఆరేళ్లు దాటింది.

అయితే ‘వెన్ ది లెవీ బ్రేక్స్’ కూడా లెడ్ జెప్లిన్ సొంత పాట కాదు. 1927 నాటి మిసిసిపీ వరదల మీద 1929లో నల్లజాతి కళాకారులు కాన్సాస్ జో మెకాయ్, మెంఫిస్ మిన్నీ పాడిన బ్లూస్ అది. నల్లవారి బ్లూస్ ఇంగ్లండ్ చేరి రాక్ అయింది. బ్రాంక్స్ నల్లజాతి కుర్రాళ్లు ఆ రాక్‌లోంచి దరువు తీసుకున్నారు. ఇందులో ఎవరు ఎవరికి బాకీ అని లెక్క వేయాలంటే మధ్యలో మొదలుపెట్టి లాభం లేదు.

మళ్లీ ‘వాక్ దిస్ వే’ దగ్గరికి వద్దాం. 1986లో రన్ డీఎంసీ అదే పాటను ఏరోస్మిత్‌తో కలిసి పాడింది. ఆ ఆలోచన నిర్మాత రిక్ రూబిన్‌ది. న్యూయార్క్ యూనివర్సిటీ హాస్టల్ గదిలో డెఫ్ జామ్ సంస్థను మొదలుపెట్టిన రాక్ పిచ్చివాడు అతను. డ్రమ్స్ ముక్క తప్ప పాటలో మాటలున్నాయని అంతదాకా పట్టించుకోని రన్, డీఎంసీలకు ఆ సాహిత్యం మొదట అసలు నచ్చలేదు. చివరికి పాడారు. పాట బిల్‌బోర్డ్‌లో నాలుగో స్థానానికి చేరింది, ఏరోస్మిత్ అసలు పాట 1977లో చేరుకున్న పదో స్థానం కన్నా పైకి. వీడియోలో రెండు బృందాల మధ్య గోడ పగులుతుంది. ఆ గోడ గురించి వేల పేజీలు రాశారు. స్టూడియోకు పిలుపు అందింది మాత్రం గాయకుడు స్టీవెన్ టైలర్‌కు, గిటారిస్టు జో పెర్రీకి. పాట కర్తలుగా నమోదైనవీ ఆ ఇద్దరి పేర్లే. పాటను డీజేల చేతికి చేర్చిన జోయీ క్రేమర్ అక్కడ లేడు. హిప్‌హాప్ చరిత్రలో డ్రమ్మర్ల సంగతి ఎలా ఉందో దీన్నిబట్టే తెలుస్తుంది. కాపీరైట్ లెక్కలో బాణీకి, మాటలకు కర్తలుంటారు, రికార్డుకు యజమాని ఉంటాడు. దరువు వేసిన చేతికి సాధారణంగా వేరే గడి ఉండదు. ఇది అన్యాయమే.

అసలు కర్తలకైనా డబ్బు అందాలన్న పట్టు ఎనభైల చివర్లో బిగిసింది. హిప్‌హాప్ బృందం డి లా సోల్ 1989 ఆల్బమ్‌లో అరవైల దశకపు రాక్ బృందం ది టర్టిల్స్ పాటలోని చిన్న ముక్కను వాడుకుంటే, ఆ బృందం సభ్యులు కోర్టుకెక్కారు. చివరికి రాజీ కుదిరింది. 1991 డిసెంబరులో ఇలాంటి కేసులోనే ర్యాపర్ బిజ్ మార్కీ మీద వచ్చిన తీర్పు, దొంగతనం చేయరాదన్న బైబిల్ ఆజ్ఞతోనే మొదలైంది. అప్పటి నుంచి శాంపిల్, అంటే ఇలా తీసుకున్న ముక్క, వాడాలంటే ముందుగా అనుమతి, వాటా, పేరు. పాత శాంపిళ్ల అనుమతుల చిక్కులతో డి లా సోల్ తొలి ఆల్బమ్‌లు 2023 మార్చి దాకా స్ట్రీమింగ్‌లోకి రాలేకపోయాయి.

ఆ నియమం బిగిశాకే ఒక తెలుగమ్మాయి పేరు ఈ కథలోకి వచ్చింది. గాయని సుజాన్ వేగా 1987లో వాయిద్యాలేవీ లేకుండా ఒంటిగొంతుతో ‘టామ్స్ డైనర్’ పాడింది. 1990లో డీఎన్‌ఏ అనే పేరుతో పనిచేసే ఇద్దరు బ్రిటిష్ నిర్మాతలు అడగకుండానే ఆ గొంతు కింద దరువు పెట్టారు. వేగా కంపెనీ కేసు వేయకుండా ఆ రికార్డునే కొని విడుదల చేసింది. అది పెద్ద హిట్. 2014లో రాక్ బృందం ఫాల్ అవుట్ బాయ్ తన ‘సెంచరీస్’లో ఆ బాణీనే వాడుకుంది. హిప్‌హాప్ నిర్మాతగా పేరున్న జేఆర్ రోటెమ్ దానికి పనిచేశాడు. పాట అమెరికా టాప్ టెన్‌లోకి వెళ్లింది. కర్తల జాబితాలో సుజాన్ వేగా ఉంది, బృందంలోని డ్రమ్మర్ ఆండీ హర్లీ ఉన్నాడు, రాజకుమారి కూడా ఉంది.

రాజకుమారి అసలు పేరు శ్వేతా యల్లాప్రగడ రావు. కాలిఫోర్నియాలోని క్లేర్మాంట్‌లో తెలుగు కుటుంబంలో పుట్టింది. చిన్ననాటి నుంచి కూచిపూడి, భరతనాట్యం, ఒడిస్సీ నేర్చుకుంది. ఇతరులకు పాటలు రాస్తూ ఎదిగి, 2016లో ‘మ్యూట్’తో ర్యాపర్‌గా తన గొంతు వినిపించింది. మరుసటి ఏడాది ముంబై ర్యాపర్ డివైన్‌తో ‘సిటీ స్లమ్స్’ చేసింది, 2019లో ఎంటీవీ ర్యాప్ పోటీ ‘హసిల్’కు న్యాయనిర్ణేతగా కూర్చుంది. ఆమె ర్యాప్ నడకలో నట్టువాంగం జతుల విరుపు వినిపిస్తుంది. పుట్టుకతో వచ్చిన లయను దాచుకోకుండా ఇంగ్లీషు ర్యాప్‌లోకి తీసుకురావడం చిన్న సంగతి కాదు.

మన దేశంలో ఈ రెండు సంగీతాలూ ఎన్నడూ చాలా దూరంగా లేవు. 1994లో ‘ప్రేమికుడు’ సినిమాతో తెలుగువాళ్లకు ర్యాప్ రుచి చూపించిన ఏఆర్ రెహమాన్ కుర్రతనంలో చెన్నై బ్యాండ్లలో కీబోర్డు వాయించినవాడే. రెండువేల తర్వాత కాలేజీల్లో చదివిన చాలామంది లింకిన్ పార్క్ బృందం గిటార్ల కోసం వెళ్లి ర్యాప్‌కు అలవాటు పడ్డారు. జార్ఖండ్‌లోనే రాంచీ ర్యాపర్ ట్రే ఎస్, గిటారిస్టు ది మెలో టర్టిల్ కలిసి బ్లూస్‌నూ హిప్‌హాప్‌నూ జతచేసి పాటలు చేశారు.

ఇప్పుడు పర్సుడీహ్‌లో ర్యాప్ చేయాలనుకునే కుర్రాడికి రెండు టర్న్‌టేబుళ్లు అక్కర్లేదు. ఫోన్‌లోనే ముక్క కత్తిరించవచ్చు, నెలవారీ చందా కట్టి రాయల్టీ లేని లూప్‌లు వేలకొద్దీ దించుకోవచ్చు. వాటిలో కొన్ని ఎక్కడో ఒక డ్రమ్మర్ వాయించినవే. లూప్‌ను స్ప్లైస్ లాంటి సంస్థల నుంచి తెచ్చుకున్నవాడికి కోర్టు భయం పెద్దగా లేదు. వాయించినవాడి పేరు పాట కింద రాయాలన్న నియమమూ సాధారణంగా ఉండదు. జోయీ క్రేమర్‌కు కనీసం ఆల్బమ్ అట్ట మీద పేరుంది.