మీకు తెలుసా? సినిమా స్టూడియో టీవీ చేతికొచ్చింది!

పశ్చిమ లండన్‌లోని ఈలింగ్‌లో 1902లోనే విల్ బార్కర్ సినిమాలు తీయడం మొదలుపెట్టారు. తర్వాత స్టూడియో అధిపతి మైకేల్ బాల్కన్ హయాంలో అక్కడి హాస్యచిత్రాలు పేరుమోశాయి. 1955లో ఆ స్టూడియోను బీబీసీ కొనేసింది. ఎందుకంటే, అప్పట్లో టీవీ నాటకాలు చాలావరకు స్టూడియో నుంచి నేరుగా ప్రసారమయ్యేవి. నటుడు వీధిలో నడవాలన్నా, రైలెక్కాలన్నా ఆ ముక్కను ముందే ఫిల్ముపై తీసి, ప్రసారం నడుస్తుండగా సరైన క్షణంలో కలపాలి. ఎంత ఒడుపు కావాలో ఊహించండి! ఆ ఫిల్ము పనికి ఈలింగే ఆయువుపట్టు. చిత్రీకరణ బృందాలు, ఎడిటింగ్ గదులు అక్కడే ఉండేవి. బీబీసీ వదులుకున్నాక 1995లో నేషనల్ ఫిల్మ్ అండ్ టెలివిజన్ స్కూల్ దాన్ని కొంది. ‘డౌన్టన్ ఆబీ’ సీరియల్లో మీరు చూసిన పనివాళ్ల వంటగది సెట్టు ఈలింగ్‌లో వేసిందే.