మూడో వంతు దగ్గర ఆగిపోయిన పార్టీ

దాదాపు నలభై ఏళ్లపాటు ప్రధాన ప్రతిపక్షంగా నిలిచిన జపాన్ సోషలిస్టు పార్టీ, తన నాయకుడు ప్రధాని అయిన రెండున్నరేళ్లలోపే పదిహేను స్థానాల చిన్న పార్టీగా కుంచించుకుపోయింది. ఆ పతనానికి మూలం దాని తొలి విజయాల తీరులోనే ఉంది.

రెండో ప్రపంచ యుద్ధంలో దేశం ఓడి అమెరికా సేనల అధీనంలో ఉన్నప్పుడు, 1945 నవంబరులో ఏర్పడిన ఈ పార్టీ 1947 ఎన్నికల్లో దిగువ సభలోని 466 స్థానాలకు 143 గెలిచి అతిపెద్ద పక్షమైంది. పార్టీ నాయకుడు కతయామా తెత్సు సంకీర్ణ ప్రభుత్వానికి ప్రధాని అయ్యారు గానీ, సొంత పార్టీలోని అతివాద వర్గమే బడ్జెట్‌కు అడ్డుపడడంతో ఏడాదిలోపే దిగిపోయారు. ఆ తరువాతి సంకీర్ణం షోవా దెంకో ఎరువుల కంపెనీ లంచాల వ్యవహారంలో కూలిపోగా, 1949లో పార్టీకి 48 స్థానాలే దక్కాయి. యుద్ధానంతర శాంతి ఒప్పందంపై తగవుతో 1951లో రెండుగా చీలిన పార్టీ 1955లో మళ్లీ ఏకమైంది. అదే ఏడాది సంప్రదాయవాదులు కూడా కలిసిపోయి లిబరల్ డెమొక్రటిక్ పార్టీని స్థాపించారు.

యుద్ధాన్నీ సైన్యాన్నీ త్యజించే తొమ్మిదో అధికరణం జపాన్ రాజ్యాంగానికి ప్రాణం వంటిది. దానిని సవరించాలంటే ఉభయ సభల్లోనూ మూడింట రెండు వంతుల మద్దతు, ఆపైన ప్రజాభిప్రాయ సేకరణలో ఆమోదం కావాలి కాబట్టి, మూడో వంతుకు మించి స్థానాలున్న ప్రతిపక్షం అధికారం లేకుండానే సవరణను ఆపగలదు. యుద్ధపు గాయాలు మానని ఓటర్లు సోషలిస్టులకు అప్పగించిన పని అదే. 1958లో 467 స్థానాలకు 166 వచ్చాయి. పార్టీ గెలుచుకున్న స్థానాల్లో అదే అత్యధికం.

అయితే కాపలా కాయడం వేరు, పాలనకు సిద్ధపడడం వేరు. అప్పట్లో ఒక్కో నియోజకవర్గం నుంచి సాధారణంగా ముగ్గురి నుంచి ఐదుగురు సభ్యులు ఎన్నికయ్యేవారు, ఓటరుకు మాత్రం ఒకే ఓటు ఉండేది. మెజారిటీ కావాలంటే ఒకేచోట ఇద్దరు ముగ్గురిని నిలబెట్టాలి, నిలబెడితే ఓట్లు చీలే ప్రమాదం ఉంది. సోహ్యో అనే కార్మిక సంఘాల సమాఖ్య నిధులు, కార్యకర్తలపై ఆధారపడిన పార్టీ చాలాచోట్ల ఒక్కరితోనే సరిపెట్టుకుంది. 1958 తరువాత మెజారిటీకి చాలినంతమంది అభ్యర్థులనే అది నిలబెట్టలేదు. గెలవాలన్న సంకల్పమే సడలిందనడానికి ఇంతకు మించిన రుజువు అక్కరలేదు. 1960లో మితవాదులు వేరుకుంపటి పెట్టుకోగా, అదే ఏడాది అక్టోబరులో పార్టీ అధ్యక్షుడు అసనుమా ఇనెజిరో టోక్యోలో వేదికపై ప్రసంగిస్తుండగా పదిహేడేళ్ల యువకుడి కత్తికి బలయ్యారు. పట్టణాల్లో పెరిగిన కొత్త ఓటర్లు కొమెయితో, కమ్యూనిస్టు పార్టీల వైపు కూడా మళ్లడంతో 1969 నాటికి స్థానాలు 90కి పడిపోయాయి.

1986లో దొయి తకాకో నాయకత్వానికి రాగా, జపాన్‌లో ఒక ప్రధాన పార్టీకి మహిళ అధ్యక్షురాలు కావడం అదే మొదలు. 3 శాతం వినియోగ పన్ను, రిక్రూట్ కంపెనీ నాయకులకు వాటాలు పంచిన కుంభకోణం రేపిన ఆగ్రహం తోడై, 1989 ఎగువ సభ ఎన్నికల్లో సోషలిస్టులకు 46, పాలక పక్షానికి 36 స్థానాలు వచ్చాయి. ఆ పన్ను కోపం చల్లారాక, 1993లో దిగువ సభలో మిగిలినవి 70.

1994 జూన్‌లో మురయామా తొమిఇచి ప్రధాని అయ్యారు, అదీ చిరకాల ప్రత్యర్థి లిబరల్ డెమొక్రట్ల మద్దతుతో. వెంటనే ఆయన పార్టీ చిరకాల వైఖరిని వదిలి, జపాన్ సైన్యమైన ఆత్మరక్షణ దళాలు రాజ్యాంగబద్ధమేనని, అమెరికాతో భద్రతా ఒప్పందం కొనసాగుతుందని ప్రకటించారు. వలస పాలనకూ దురాక్రమణకూ 1995లో ఆయన చెప్పిన క్షమాపణ చరిత్రలో నిలిచే మంచి పనే. కానీ కాపలా కోసమే ఓటేసినవారికి ఆ పార్టీతో ఇక పనిలేకపోయింది. పైగా కొత్త చట్టం 300 ఏకసభ్య నియోజకవర్గాలను సృష్టించింది, అక్కడ మూడో వంతు ఓట్లతో గెలవడం కష్టం. 1996లో సోషల్ డెమొక్రటిక్ పార్టీగా పేరు మార్చుకున్నాక చాలామంది సభ్యులు కొత్త డెమొక్రటిక్ పార్టీలో చేరిపోగా, ఆ అక్టోబరు ఎన్నికల్లో 15 స్థానాలు మిగిలాయి.

పార్లమెంటులో ఐదుగురు సభ్యులైనా లేని పార్టీకి చట్టపరమైన గుర్తింపు నిలవాలంటే జాతీయ ఎన్నికల్లో 2 శాతం ఓట్లు కావాలి. 2025 జూలై ఎగువ సభ ఎన్నికల్లో ఈ పార్టీ ఆ గీతను కొద్దిలో దాటి, ఒకే ఒక్క స్థానం గెలుచుకుంది.