గనిలో మొలిచిన వనం

భిలాయ్ కొలిములకు సున్నపురాయి పంపిన నందిని గుంతలు పచ్చబడుతున్నాయి. అయితే అక్కడ ఏముందో లెక్క తీయకుండా పార్కు గీస్తే లాభం కన్నా నష్టమే ఎక్కువ.

ఇనుప ఖనిజం ఒక్కటే ఉంటే ఉక్కు తయారు కాదు. కొలిమిలో మలినాలను పట్టి బయటికి లాగే సున్నపురాయి కూడా కావాలి. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందంతో మొదలైన భిలాయ్ ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. దానికి ఇనుప ఖనిజం దల్లీ రాజహరా నుంచి వస్తే, సున్నపురాయి దగ్గరలోని నందిని నుంచి వచ్చింది. దశాబ్దాల తవ్వకం తర్వాత మిగిలింది గుంతలు, గుట్టలు, ఆ గుంతల్లో నీళ్లు.

ఆ నీళ్లే కథ మార్చాయి. పక్షులు దిగాయి. 2020 దశకం మొదట్లో దుర్గ్ జిల్లా యంత్రాంగం, అటవీ శాఖ కలసి జిల్లా ఖనిజ నిధి సొమ్ముతో ఇక్కడ వేలాది మొక్కలు నాటించాయి. దేశంలోనే అతి పెద్ద మానవ నిర్మిత అడవి అని ప్రభుత్వం చాటుకుంది. బిరుదు సంగతి అలా ఉంచితే, నాటడానికి ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఈ నేలలో ఇప్పటికే ఏముంది?

మొదటి జవాబు రాయిలోనే దొరుకుతుంది. ఛత్తీస్‌గఢ్ మైదానం కింది సున్నపురాయి పొరలు వంద కోట్ల ఏళ్లకు అటూ ఇటూగా లోతులేని సముద్రంలో ఏర్పడినవి. వాటిలో సూక్ష్మజీవులు పొర మీద పొరగా కట్టిన స్ట్రొమటోలైట్లు కనిపిస్తాయి. ఇలాంటి రాళ్లున్న రాజస్థాన్‌లోని భోజుందా, సిక్కింలోని మామ్లే జాతీయ భూవైజ్ఞానిక స్మారకాలయ్యాయి. క్వారీ గోడ అంటే భూమి తెరిచిపెట్టిన పుస్తకం. దాన్ని మట్టితో పూడ్చి మొక్కలు నాటితే పుట మూసేసినట్టే.

రెండోది గడ్డి. తవ్వేసిన నేలను పశుగ్రాసానికి పనికొచ్చేలా మళ్లీ గడ్డితో కప్పాలన్న షరతును గనుల లీజుల్లో పెట్టాలని సుప్రీంకోర్టు 2020 జనవరి 8న ఆదేశించింది. అడవి పెంచితే ఫొటోకు బాగుంటుంది. పశువుల మందకు మాత్రం బయలు కావాలి. నీటి పక్షులకూ ఒడ్డంతా చెట్లు కమ్ముకోనక్కర్లేదు. పక్కనే ఉన్న బెమెతరా జిల్లాలోని గిధ్వా, పరసదా గ్రామాలు చెరువులను కాపాడుకునే పక్షుల ఊళ్లుగా పేరు తెచ్చుకున్నాయి. 2021లో అక్కడ పక్షుల పండుగ జరిగింది.

మూడోది మనుషుల సంపద. భిలాయ్ శివార్లలోని దేవ్‌బలోదాలో కలచురుల కాలం నాటి శివాలయం ఉంది. గనియారీలో పుట్టిన తీజన్ బాయి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం చేస్తూనే పండవానీని ప్రపంచ వేదికలెక్కించి, 2019లో పద్మవిభూషణ్ అందుకున్నారు. భారత్–సోవియట్ స్నేహానికి గుర్తుగా వెలసిన మైత్రీబాగ్ జూ ఉంది. ఉత్తరాంధ్ర నుంచి పనికోసం వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్లకు సెక్టార్ 5లో బాలాజీ మందిరం ఉంది. ఇవన్నీ విడివిడి చుక్కలు. కలిపి చూపే పటం ఒక్కటుంటే నందిని వాటికి ముఖద్వారం కాగలదు.

జర్మనీలోని రూర్ ప్రాంతం చేసింది ఇదే. 1985లో మూతపడ్డ డూయిస్‌బర్గ్ ఉక్కు కర్మాగారాన్ని కూలగొట్టలేదు. ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ పీటర్ లాట్జ్ దాని కొలిములను, గోడలను ఉంచే పార్కుగా మలిచారు. 1994లో దాని తలుపులు తెరుచుకున్నాయి. తుప్పును దాచకపోవడమే అక్కడి ఆకర్షణ.

మన దగ్గర గని మూసివేత ప్రణాళిక 2003 నుంచే నిబంధనల్లో ఉంది. కానీ దాన్ని రాసేది గని యజమాని, ఆమోదించేది ప్రభుత్వం. దుమ్ము పీల్చిన ఊళ్లు ఆ కాగితం చూసేదెప్పుడు? ఏ గుంటను చేపలకు వదలాలి, ఏ బాట పశువులకు ఉంచాలి, ఏ గోడను విద్యార్థులకు చూపాలి అన్నది గ్రామసభలో తేలాలి. లేదంటే పార్కుకు కంచె వస్తుంది, టిక్కెట్టు వస్తుంది, ఊరు బయట నిలబడుతుంది.

ఇది నందినికే చెందిన గొడవ కాదు. పల్నాడులో, కడపలో, నంద్యాలలో సిమెంటు కోసం తవ్వుతున్న సున్నపురాయి గనులూ ఏదో ఒకరోజు ఖాళీ అవుతాయి. అప్పుడు మొక్కల సంఖ్య లెక్కపెట్టడం తేలిక. పోగొట్టుకోకూడనివేవో ఇప్పుడే లెక్కపెట్టుకోవడం తెలివి.