జీవనభృతిలో పన్నుబాకీ కోత

ఇంగ్లండునందు స్థానికసంస్థలు విధించు కౌన్సిల్ పన్ను మన పురపాలకసంఘముల ఇంటిపన్నును పోలినదే యైనను, సామాన్యముగా దానిని చెల్లింపవలసినవాడు గృహస్వామి గాక అందు నివసించువాడే యగుటచేత, అద్దెయింట తలదాచుకొను నిరుపేదకును ఆ భారము తప్పదు. తీవ్రమైన ప్రజాగ్రహమునకు గురియైన తలపన్నునకు బదులుగా 1993 ఏప్రిల్‌లో ఈ పన్ను అమలులోనికి వచ్చెను. బాకీపడినవారి ప్రభుత్వభృతి నుండి ఆ సొమ్మును కోసికొనుటకు వలయు నిబంధనలును ఆ సంవత్సరముననే వెలువడెను.

ఈ కోతకొక క్రమము కలదు. వాయిదా తప్పినవానికి కౌన్సిలు మొదట తాకీదు పంపును. గడువులోపల చెల్లింపకున్నచో వాయిదాల సదుపాయము రద్దయి, ఆ యేటికి మిగిలిన పన్నంతయు ఒక్కమారుగా మీదబడును. పిమ్మట మేజిస్ట్రేటు కోర్టు బాకీని ధ్రువపరచి ఉత్తరువు నిచ్చినయెడల, కౌన్సిలు బాకీదారుని జీతములో కోత విధింపవచ్చును, జప్తునకు అమీనాలను పంపవచ్చును, లేదా అతడు ప్రభుత్వభృతిపై బ్రదుకువాడైనచో అందుండి నేరుగా వసూలు చేయుమని ఉపాధి, పింఛనుల శాఖను కోరవచ్చును. ఇందుకు బాకీదారుని సమ్మతి యక్కరలేదు.

యూనివర్సల్ క్రెడిట్ అను భృతిని పొందువారి విషయమున ఈ కోత మూలభత్యములో 5 శాతము. 25 ఏండ్లు నిండిన ఒంటరివ్యక్తికి 2025–26లో ఆ భత్యము నెలకు 400 పౌండ్లకు కొంచెము పైమాట గనుక, కోత సుమారు 20 పౌండ్లగును. ఇతర బాకీలకై జరుగు కోతలను గూడ కలిపి సాధారణముగా మించరాదని విధించిన పరిమితి 2025 ఏప్రిల్ చివర 25 శాతము నుండి 15 శాతమునకు తగ్గింపబడెను.

తిండికిని చలికాలపు వెచ్చదనమునకును లెక్కించి వెచ్చించుకొనువానికి ఇరువది పౌండ్లు అల్పము గావు. అయినను 2014 నాటి నిబంధనలు అమీనాకు వ్యవహారము నప్పగించుటకు 75 పౌండ్లు, అతడు గడపకు వచ్చుటకు మరి 235 పౌండ్లు రుసుముగా నిర్ణయించి బాకీదారునిపైననే మోపినవి. ఆ రెంటిమొత్తము పదునైదునెలల కోతకు మించినది. బాకీదారుడు భృతిజీవి యని తెలిసియు అమీనానే పంపు కౌన్సిలు, తీర్పజాలని ఋణముపై మరియొక ఋణమును పేర్చుచున్నది.

అయితే ఈ బాకీలలో ననేకమునకు మూలము వసూలున గాక విధింపున నున్నది. పేదల తరఫున ఈ పన్నును భరించుచుండిన కేంద్రసహాయము 2013లో రద్దయి, దాని స్థానమున ఎవరి పథకమును వారే యేర్పరచుకొనవలసినదిగా కౌన్సిళ్లకు ఆదేశమిచ్చుచు, ప్రభుత్వము అందులకిచ్చు ధనమును పదవవంతు తగ్గించెను. వృద్ధులకు పూర్వరక్షణ నిలిచినందున, లోటు పనిచేయు వయస్సులోని పేదలపై బడి, అదివరకెన్నడును ఈ పన్ను చెల్లింపనివారు సయితము కొంతభాగము చెల్లింపవలసివచ్చెను. ప్రాణధారణమునకని రాజ్యమే కొలిచి యిచ్చిన కనీసధనముపై పన్ను విధించి, పిదప దానిని స్వల్పభాగములుగా వసూలుచేయుట దయ యనిపించుకొనదు. కొన్ని కౌన్సిళ్లు అత్యల్పాదాయులకు పన్నును పూర్తిగా మాఫీ చేయు పద్ధతిని నిలుపుకొన్నవి. తక్కినవియు ఆ మార్గమునే యనుసరించుట ధర్మము.