రెండు దారాల మీద విమానం

తొమ్మిదో తరగతికి అభికేంద్ర బలం పాఠం చెప్పాను. పిల్లలు నిర్వచనం తప్పు లేకుండా అప్పజెప్పారు. అర్థమైందా అంటే తలలూపారు. మర్నాడు మైదానంలోకి తీసుకెళ్లి, దారానికి రబ్బరు బంతి కట్టి తిప్పమన్నాను. "సార్, జోరుగా తిప్పేకొద్దీ చేతిని లాగేస్తోంది!" అంది ఒకమ్మాయి. పాఠం వాళ్లకు వచ్చింది అప్పుడే.

ఆ లాగుడు మీదే నడిచే ఆట ఒకటుంది. పేరు కంట్రోల్‌లైన్ కంబాట్. ఇందులో రేడియో ఉండదు. ఆడేవాడి చేతిలో ఒక పిడి, పిడి నుంచి విమానానికి రెండు సన్నని తీగలు. ఈ పద్ధతిని 1940లలో అమెరికాలో జిమ్ వాకర్ బాగా ప్రచారంలోకి తెచ్చాడు. కంబాట్‌లో ఇద్దరు వలయం మధ్యలో నిలబడి విమానాలు తిప్పుతారు. ఒక్కో విమానం తోకకు ఒక కాగితం రిబ్బను. ఎదుటివాడి రిబ్బనును ప్రొపెల్లర్‌తో కోస్తే పాయింట్లు. మాంజాతో గాలిపటం కోసే పందెం లాంటిదే.

చిన్న రకం విమానానికి ఇంజను 0.8 సీసీ మాత్రమే. మిథనాల్, నైట్రోమీథేన్, ఆముదం కలిపిన ఇంధనంతో నడుస్తుంది. అవును, మన ఆముదమే. మిథనాల్‌లో కలిసిపోయి, అంత వేడిలోనూ లోపలి భాగాలు అరిగిపోకుండా కాపాడుతుంది.

ఒక లెక్క చూద్దాం. విమానం బరువు 150 గ్రాములు, తీగ పొడవు 10.5 మీటర్లు, వేగం సెకనుకు 20 మీటర్లు అనుకుందాం. తీగల మీద పడే లాగుడు సుమారు 5.7 న్యూటన్లు. అంటే విమానం బరువుకు దాదాపు నాలుగింతలు. తీగలు వదులైతే విమానం మాట వినదు. అందుకే బయటి రెక్క చివర కొంచెం బరువు పెడతారు, ఇంజనును కాస్త బయటి వైపు తిప్పి బిగిస్తారు.

ఇంజను పిల్లల చేతికి ఇవ్వకూడదు. మిథనాల్ విషం, ప్రొపెల్లర్ వేళ్లు కోస్తుంది. కరెంటు తీగల దగ్గర ఎగరేస్తే ప్రాణానికే ముప్పు. పెద్దల పోటీల్లోనూ పిడిని మణికట్టుకు పట్టీతో కట్టుకుంటారు.

మన బడిలో చేయగలిగింది వేరే ఉంది. గట్టి అట్టను త్రికోణంగా కత్తిరించి, మధ్యలో డ్రాయింగ్ పిన్నుతో చెక్కకు గుచ్చండి. రెండు మూలలకు రెండు దారాలు, మూడో మూలకు సన్నని తీగ, తీగ చివర మడతపడే అట్టముక్క కట్టండి. ఒక దారం లాగితే ముక్క పైకి లేస్తుంది, రెండోది లాగితే దిగుతుంది. విమానం ఎక్కడం, దిగడం వెనకున్న కీలకం అదే.

కంబాట్ ఆడేవాళ్లు విమానం విరుగుతుందని తెలిసే కడతారు. త్వరగా అతికేలా కడతారు, ఇంకొకటి సిద్ధంగా ఉంచుకుంటారు. మా తరగతిలో మొదటి అట్ట చిరిగినప్పుడు ఒక బాబు భయంగా నా ముఖం చూశాడు. రెండోది వాడే కత్తిరించాడు. తెలుగు మీడియంలో సైన్సు రాదేమోనని బెంగపడే తల్లిదండ్రులు, ఇంట్లో ఇలాంటి అట్ట చిరిగితే కోప్పడకండి. ఇంకో అట్ట ఇవ్వండి.