చెర్రీ రొయ్యల ట్యాంకుకు హీటర్ కావాలా? కొనే ముందు ఇది చూడండి!

ఇంట్లో చిన్న అక్వేరియంలో ఎర్రటి చెర్రీ రొయ్యలు పెంచుతున్నారా? వీటికి 20 నుంచి 26 డిగ్రీల సెల్సియస్ నీళ్లు బాగా సరిపోతాయి. కాస్త చల్లబడినా తట్టుకుంటాయి కానీ, ఉష్ణోగ్రత ఒక్కసారిగా మారితేనే కష్టం. ట్యాంకు ఎంత చిన్నదైతే నీళ్లు అంత త్వరగా వేడెక్కుతాయి, చల్లారతాయి. అందుకే ముందు థర్మామీటర్ పెట్టి తెల్లవారుజామున, మధ్యాహ్నం చూడండి. పెద్దగా తేడా లేకపోతే హీటర్ అక్కర్లేదు. రోజూ 20 డిగ్రీల కంటే కిందకు పడిపోతుంటే, 20 లీటర్ల ట్యాంకుకు థర్మోస్టాట్ ఉన్న 25 వాట్ల హీటర్ చాలు. ఎక్కువ వాట్లది పెడితే, అది ఆఫ్ కాకుండా మొరాయించిన రోజు నీళ్లు వేడెక్కిపోతాయి. ఆక్సిజన్ తగ్గి రొయ్యలు చనిపోతాయి. నీళ్లు మార్చే ముందు హీటర్ ప్లగ్ తీసేయడం మాత్రం మరవొద్దు.